మొండి టీబీకి మొండి రోగే కారణమా?

మార్చి 24 వచ్చిందంటే మా ఆదోనిలో కూడా ఒక ఊరేగింపు, ఒక సభ ఉంటాయి. 1882లో అదే రోజున రాబర్ట్ కోచ్ బెర్లిన్‌లో క్షయ క్రిమిని లోకానికి చూపించాడు. మొన్నటి సభలో మాట్లాడిన పెద్దమనిషి ఒకాయన, టీబీ గురించి బాగా తెలిసినవారే, ఇలా అన్నారు: "మామూలు టీబీ క్రిమి వల్ల వస్తుంది. మొండి టీబీ మనిషి వల్ల వస్తుంది. మందులు మధ్యలో ఆపేసినవాడు దాన్ని చేజేతులా తెచ్చుకుంటాడు." హాలంతా చప్పట్లు. ప్లకార్డులు పట్టుకుని వచ్చిన నర్సింగ్ విద్యార్థినులు ఆ మాటను నోటుపుస్తకాల్లో రాసుకున్నారు.

చప్పట్ల సంగతి సరే, నన్ను కలవరపెట్టింది ఆ రాసుకోవడమే. రేపు వాళ్లే ఏదో ఒక ఆరోగ్య కేంద్రంలో కూర్చుని ఎదుటి రోగిని ఆ మాటతోనే పలకరిస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొండి టీబీ, అంటే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ అనే రెండు ముఖ్యమైన మందులకూ లొంగని టీబీ, వచ్చినవారిలో ఎక్కువమంది మందులు మానేసి దాన్ని తెచ్చుకోలేదు. ఇంకొకరి దగ్గులో అప్పటికే మొండిదై ఉన్న క్రిమిని పీల్చుకున్నారు. ఆ క్రిమి మందుకు లొంగకుండా తయారైంది ఎక్కడో, ఎప్పుడో, ఎవరి ఒంట్లోనో. జాలితో అంటున్న మాట కాదిది. పాతికేళ్లుగా ఆ క్రిమి జన్యువులను అక్షరం అక్షరం చదువుతున్నవారు తేల్చిన సంగతి. మన సభలకు అది ఇంకా చేరలేదు.

నేను డాక్టరును కాను. ఫార్మసీ చదువుకుని మందుల దుకాణం నడుపుకుంటున్నవాణ్ణి. టీబీ మందు అమ్మిన ప్రతిసారీ హెచ్1 రిజిస్టరులో రోగి పేరు, రాసిన డాక్టరు పేరు, ఎన్ని మాత్రలో ఎక్కించాలని 2014 నుంచి నిబంధన ఉంది. 2018 నుంచి ఆ వివరాలు టీబీ అధికారులకు కూడా తెలియజేయాలి. ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తున్నా, వాంతుల మాత్రలకో విటమిన్లకో పాలపొడికో వాళ్లంతా మా దగ్గరికే వస్తారు. డాక్టరు గదిలో నోరు విప్పనివారు కౌంటరు దగ్గర చాలా చెబుతారు.

మింగని మందు మానేదెలా

కోసిగి వైపు నుంచి ఒక తల్లి, కొడుకు వచ్చారు. పాతికేళ్లు కూడా నిండని కుర్రాడు. వాంతుల మాత్రలు కావాలంది ఆమె. ఫైలు చూశాను. కఫంలో క్రిమి జన్యువులను వెతికే సీబీనాట్ పరీక్షలో క్షయ క్రిమి ఉందని, అది రిఫాంపిసిన్‌కు లొంగదని వచ్చింది. మేం మాట్లాడుకుంటుండగా కుర్రాడు దుకాణంలోని బరువు యంత్రం ఎక్కి నిలబడ్డాడు. 41 కిలోలు. చెప్పులు విప్పి మళ్లీ ఎక్కాడు, తగ్గుతుందేమో అన్న భయంతోనో పెరుగుతుందేమో అన్న ఆశతోనో నాకు అర్థం కాలేదు.

ఆసుపత్రిలో పేరు, వయసు అయ్యాక అడిగిన మొదటి ప్రశ్న "ఎన్నిసార్లు మానేశావు, నిజం చెప్పు" అట. ఆమె గొంతులో కోపం ఇంకా చల్లారలేదు. "అన్నా, వీడు పుట్టి బుద్ధెరిగాక టీబీ మాత్ర ఒక్కటి కూడా మింగలేదు. మింగని మందు ఎలా మానేస్తాడు?"

ఆ ప్రశ్నకు సమాధానం అడిగినవారి దగ్గర లేదు. ఫైలులో మాత్రం ‘గతంలో చికిత్స’ అన్న చోట ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉంది.

నాలుగైదు మాటలు కదిపితే మిగతాది బయటికి వచ్చింది. మా పడమటి మండలాల్లో సుగ్గికి, అంటే పంట కాలపు వలస పనికి, వెళ్లడం కొత్తేమీ కాదు. పత్తి తీతకు తెలంగాణకు, మిరప కోతకు గుంటూరు వైపుకు, మట్టి పనికి బెంగళూరుకు ఊళ్లకు ఊళ్లే ఖాళీ అవుతాయి. ఈ కుటుంబం కిందటేడు మిరప చేలలో టార్పాలిన్ గుడారం వేసుకుని నెలల తరబడి ఉంది. ఒక గుడారంలో మూడు కుటుంబాలు. చలికి అంచులన్నీ మట్టితో మూసేసేవారు. వాళ్ల పక్కన పడుకునే ఒక పెద్దాయన రాత్రంతా దగ్గేవాడు. అందరూ అది మిరప ఘాటు అనుకున్నారు. ఆయన తర్వాత ఏమయ్యాడని అడిగితే, ఉగాదికి ఊరు చేరకముందే పోయాడని చెప్పింది.

ఆ పెద్దాయన నుంచే ఈ కుర్రాడికి వచ్చిందని నేను రుజువు చేయలేను. రుజువు చేసే విద్య ఒకటుంది. ఇద్దరి కఫంలోని క్రిములూ దొరికి ఉంటే ఆ విద్య ఔననో కాదనో తేల్చేసేది.

రెండు జవాబు పత్రాల్లో ఒకే తప్పు

క్షయ క్రిమి జన్యు క్రమం మొత్తాన్ని స్టువర్ట్ కోల్ బృందం 1998లో ప్రకటించింది. 44 లక్షలకు పైగా అక్షరాలు, సుమారు 4,000 జన్యువులు. వాళ్లు చదివిన హెచ్37ఆర్‌వి అనే రకం 1905లో అమెరికాలో ఒక రోగి నుంచి తీసి ప్రయోగశాలల్లో పెంచుతూ వచ్చినది.    

ఈ క్రిమికి తొందర లేదు. పేగుల్లో ఉండే ఇ.కోలి ఇరవై నిమిషాలకు రెండవుతుంటే, ఇది రెండు కావడానికి దాదాపు ఒక రోజు తీసుకుంటుంది. జన్యువుల్లో మార్పులు కూడా అంతే నిదానం. 44 లక్షల అక్షరాల్లో సగటున రెండేళ్లకు ఒకటి మారుతుంది. పరీక్షల్లో కాపీ కొట్టినవారిని మాస్టర్లు ఎలా పట్టుకుంటారో గుర్తు చేసుకోండి. సరైన జవాబులు ఎన్ని కలిసినా సందేహించరు, రెండు పేపర్లలో ఒకే చోట ఒకే వింత తప్పు కనిపిస్తే చాలు. ఇక్కడా అంతే. ఇద్దరు రోగుల క్రిముల మధ్య తేడా ఐదు అక్షరాలకు మించకపోతే ఒకరి నుంచి ఒకరికి ఈమధ్యనే అంటిందని, పన్నెండు దాటితే ఆ సంబంధం లేదని స్థూలంగా ఒక లెక్క 2013 నుంచి వాడుకలో ఉంది. ఇంగ్లండ్‌లో 2017 నుంచి టీబీ రోగుల క్రిములను ఇలా చదవడం మామూలు పనైపోయింది.

ఈ లెక్కతో బయటపడిన కథల్లో దక్షిణాఫ్రికాది నన్ను బాగా పట్టుకుంది. క్వాజులు నటాల్ రాష్ట్రంలో టుగేలా ఫెర్రీ అనే పల్లెటూరి ఆసుపత్రిలో, దాదాపు ఏ మందుకూ లొంగని టీబీ వచ్చిన 53 మందిలో 52 మంది చనిపోయారని 2006లో లోకానికి తెలిసింది. అప్పుడు కూడా మొదట వినిపించిన మాట మందులు సరిగా వాడలేదనే. కానీ వాళ్లలో సగానికి పైగా అంతకుముందు టీబీ మందు ముట్టనివారు. తర్వాత అదే రాష్ట్రంలో అదే రకం టీబీ వచ్చిన 404 మంది రోగులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 69 శాతం మందికి మొండి టీబీ మందులు అంతకుముందు అసలు పడనే లేదు. అంటే తయారైన క్రిమి తయారైనట్టే వాళ్లకు అంటింది. ఆ క్రిమి వంశవృక్షాన్ని వెనక్కి లెక్కగట్టినవారు, ఐసోనియాజిడ్‌ను తట్టుకునే మార్పు అందులో 1957 ప్రాంతంలోనే వచ్చిందని తేల్చారు. మిగతా మందులకు ఒక్కొక్కదానికీ లొంగకుండా తయారవుతూ, జనం కంట పడేసరికి పదేళ్ల ముందే అది పూర్తిగా మొండికెత్తి ఉంది. 2005లో చనిపోయిన మనిషిని పట్టుకుని 1957 నాటి సంగతికి జవాబు చెప్పమంటే ఏం చెబుతాడు?

అది ఆఫ్రికా, హెచ్ఐవి ఎక్కువున్న చోటు, మనకు వర్తించదు అనేవారుంటారు. సరే, మన లెక్కే చూద్దాం. 2014-16 మధ్య జరిగిన జాతీయ సర్వేలో, కొత్తగా టీబీ వచ్చినవారిలో 2.84 శాతం మందికి, అంతకుముందు చికిత్స పొందినవారిలో దాదాపు 11.6 శాతం మందికి మొండి టీబీ ఉన్నట్టు తేలింది. సభల్లో ఈ రెండో అంకెనే ఎత్తి చూపుతారు, "చూశారా, నాలుగు రెట్లు" అని. కానీ కొత్తవారు ఎంతమంది, పాతవారు ఎంతమంది? వంద మందిలో 80 మంది కొత్తవారు, 20 మంది పాతవారు అనుకుని గుణించండి. కొత్తవారి నుంచి ఇద్దరు చిల్లర, పాతవారి నుంచి ఇద్దరు చిల్లర. సరి సమానం. ఈ పాతవారిలో కూడా కొందరికి మొదటిసారే మొండి క్రిమి అంటి ఉంటుంది. పరీక్ష చేయకుండా మామూలు మందులిచ్చి, తగ్గకపోతే "పాత రోగి" ఖాతాలో వేసి ఉంటారు.

2015లో వచ్చిన ఒక గణిత నమూనా కొత్త మొండి టీబీలో దాదాపు 96 శాతం అంటుకున్నదేనని అంచనా వేసింది. ఆ అంకెను నేను అంత గట్టిగా పట్టుకోను. వాళ్లే ఇచ్చిన అనిశ్చితి 68 నుంచి 99 శాతం దాకా ఉంది. నమూనా నమూనాయే. కానీ అందులో కింది అంకె తీసుకున్నా మూడింట రెండు వంతులు.

బలహీనమైన క్రిమి అనే నమ్మకం

ఇంత చదువుకున్న వైద్యులు ఇన్నేళ్లు రోగినే ఎందుకు వేలెత్తి చూపారు? దుర్మార్గంతో కాదు. దాని వెనక ఒక శాస్త్రీయ నమ్మకం ఉంది, అది ఆ రోజుల్లో సబబుగానే కనిపించింది.

ఐసోనియాజిడ్ 1952లో వచ్చింది. దాన్ని తట్టుకున్న క్రిములను గినీ పందులకు ఎక్కిస్తే చాలావాటిలో జబ్బు తేలిగ్గా ఉందని మొదటి సంవత్సరాల్లోనే చూశారు. కారణం తర్వాత తెలిసింది. ఐసోనియాజిడ్ దానంతటది విషం కాదు. క్రిమి లోపలి కాట్‌జి అనే ఎంజైము దాన్ని విషంగా మారుస్తుంది. కాట్‌జి జన్యువును పూర్తిగా పోగొట్టుకున్న క్రిమికి మందు పనిచేయదు, కానీ అదే ఎంజైము మన ఒంటి దాడి నుంచి దానికి రక్షణ కూడా. అంటే కవచం పారేసి ప్రాణం దక్కించుకున్నట్టు. అలాంటి క్రిమి ఇంకొకరికి అంటుకుని బతకలేదు, కాబట్టి మొండితనం ఆ రోగితోనే పోతుంది. ఈ తర్కం పట్టుకున్నవారికి మొండి టీబీ కనిపించిన ప్రతిచోటా ఆ రోగే బాధ్యుడిగా కనిపించడంలో వింతేముంది?

ప్రయోగశాలలో కనిపించినది ఆసుపత్రి క్రిముల్లో కనిపించలేదు. రోగుల్లో ఎక్కువగా దొరికే మార్పు కాట్‌జి జన్యువు పోవడం కాదు, అందులో 315వ స్థానంలో సెరీన్‌కు బదులు త్రియోనిన్ వచ్చి చేరడం. ఈ ఒక్క మార్పుతో ఐసోనియాజిడ్ విషంగా మారదు, ఎంజైము తన రక్షణ పని మాత్రం దాదాపుగా చేసుకుంటూనే ఉంటుంది. రిఫాంపిసిన్ విషయంలోనూ అంతే. దాన్ని తట్టుకునే మార్పులు దాదాపు 95 శాతం ఆర్‌పీఓబీ జన్యువులో 81 అక్షరాల చిన్న ముక్కలో ఉంటాయి. వాటిలో చాలావరకు క్రిమిని కుంటుపరుస్తాయి. కానీ అందరికంటే ఎక్కువగా కనిపించే మార్పు ఉన్న క్రిములు, రోగుల నుంచి తీసినవి, ఏమాత్రం వెనకబడలేదని 2006లో గాన్యో బృందం చూపించింది. 2012లో ఇంకో సంగతి తెలిసింది: పక్కనున్న ఆర్‌పీఓసీ జన్యువులో ఇంకో మార్పు తెచ్చుకుని ఆ కుంటితనాన్ని సరిచేసుకుంటున్నాయి. మొండి క్రిమి నిలదొక్కుకుంది, ఇంటింటికీ తిరుగుతోంది. మన ఉపన్యాసాలు మాత్రం 1950ల దగ్గరే ఉండిపోయాయి.

ఇక్కడే ఒక ఆచరణాత్మకమైన విషయం ఉంది, దీన్ని దాటవేయలేను. ఎన్నో దేశాల క్రిములను చదివి 2017లో ప్రచురించిన అధ్యయనం, ఆ 315వ స్థానం మార్పు దాదాపు ప్రతిచోటా రిఫాంపిసిన్ మొండితనం కంటే ముందే వస్తోందని చూపింది. అంటే అదొక ముందస్తు హెచ్చరిక. మన జాతీయ సర్వే ప్రకారం కొత్త రోగుల్లోనే 11 శాతం మందికి ఐసోనియాజిడ్ పనిచేయదు. కానీ జిల్లాల్లో మొదట చేసే సీబీనాట్ గాని, అలాంటిదే అయిన ట్రూనాట్ పరీక్షలో రిఫాంపిసిన్ చిప్ గాని ఐసోనియాజిడ్ గురించి ఏమీ చెప్పవు. దానికి వేరే పరీక్ష, వేరే నమూనా, వేరే నిరీక్షణ. ఈలోగా ఆ రోగి నాలుగు మందులు మింగుతున్నాననుకుంటూ నిజానికి మూడే మింగుతాడు. రెండు నెలల తర్వాత ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, ఎథాంబుటాల్ మిగులుతాయి. అందులో ఐసోనియాజిడ్ తీసేస్తే రిఫాంపిసిన్‌కు తోడు బలహీనమైన ఎథాంబుటాల్ ఒక్కటే. ఒక్క రోజు కూడా తప్పకుండా మింగిన మనిషికి కూడా మొండి టీబీ వచ్చే దారి ఇది. అతన్ని పట్టుకుని "ఎన్నిసార్లు మానేశావు" అంటాం.

మానేసేవాళ్లు లేరా?

ఉన్నారు. నా కౌంటరు ముందే ఉన్నారు. రెండు నెలలకు దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఇక ఫర్వాలేదనుకుని సుగ్గి బండి ఎక్కినవారు ఉన్నారు. మూత్రం నారింజ రంగులో వస్తోందని హడలిపోయి వారం పాటు ఆపేసిన ఒక ముసలమ్మకు, అది రిఫాంపిసిన్ రంగేనని నేనే సీసాలో నీళ్లు చూపించి మరీ చెప్పాను. ఖాళీ కడుపుతో మింగి పొలం వెళితే కళ్లు తిరుగుతాయని, మింగి ఇంట్లో ఉంటే కూలి పోతుందని చెప్పేవారికి నా దగ్గర మంచి సమాధానం లేదు.

మందులు ఆపితే ఏమవుతుందో కూడా సైన్సు స్పష్టంగానే చెబుతుంది. పది లక్షల క్రిముల్లో ఒకటి పుట్టుకతోనే ఐసోనియాజిడ్‌ను, పది కోట్లలో ఒకటి రిఫాంపిసిన్‌ను తట్టుకుంటుంది. ఊపిరితిత్తిలో పుండు పడిన చోట కోట్ల కొద్దీ క్రిములుంటాయి. ఒక్క మందే ఇస్తే తట్టుకునేది తప్పక మిగులుతుంది. నాలుగు కలిపి ఇచ్చేది అందుకే. మొదటి మొండి క్రిమి ఎవరి ఒంట్లోనో సగం చికిత్సలోనే పుట్టి ఉంటుంది, కాదనను.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టే అంశం ఒకటుంది. దక్షిణ భారతంలో టీబీ తిరగబెట్టినవారి క్రిములను పోల్చి 2010లో ప్రచురించిన పరిశోధనలో, హెచ్ఐవి లేనివారిలో చాలావరకు పాత క్రిమే మళ్లీ లేచింది. కొత్తగా అంటుకున్నది తక్కువ. నా వాదనకు ఇది ఎదురే. అయితే వాళ్లు చికిత్స పూర్తి చేసినవారు. తిరగబెట్టడం వేరు, మానేయడం వేరు, మొండిదిగా మారడం వేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేయడమే మన అలవాటు.

సరే, సగం చికిత్స తప్పే అనుకుందాం. ఆ సగం చికిత్స ఇచ్చింది ఎవరు? ముంబయిలోని ధారావిలో 1991లో వంద మంది ప్రైవేటు డాక్టర్లను టీబీకి ఏం రాస్తారని అడిగితే 80 రకాల చీటీలు వచ్చాయి. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ అడిగితే 106 మంది నుంచి 63 రకాలు. ప్రభుత్వ కార్యక్రమం 2017 వరకు వారానికి మూడు రోజులే మందులిచ్చింది. హెచ్ఐవి ఉన్న టీబీ రోగుల మీద చెన్నై పరిశోధకులు చేసిన ట్రయల్‌లో, రోజూ మింగినవారిలో ఎవరికీ రిఫాంపిసిన్ మొండితనం పుట్టలేదు, వారానికి మూడు రోజులు మింగినవారిలో కొందరికి పుట్టింది. వాళ్లేమీ మానలేదు, ఇచ్చినవి ఇచ్చినట్టే వేసుకున్నారు. ఇక చికిత్స ఫలించని మనిషికి పాత మందులకే స్ట్రెప్టోమైసిన్ ఒక్కటి కలిపి ఎనిమిది నెలలు వాడే ‘రెండో కేటగిరీ’ పద్ధతి ఉండేది. ఫలించని చికిత్సకు ఒకే ఒక మందు చేర్చకూడదని ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంటుంది. అయినా దాన్ని వదులుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేసరికి 2017 వచ్చింది. 2024లో మందుల సరఫరా తడబడి, స్థానికంగా కొనుక్కోండని కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ నెలల్లో మాత్రలు దొరకనివారిని కూడా మానేసినవారి లెక్కలో వేద్దామా? మా మందుల దుకాణాల వాటా కూడా ఇందులో ఉంది. దగ్గు అనగానే లెవోఫ్లాక్సాసిన్ మూడు రోజులకు చేతిలో పెట్టే అలవాటు ఊరూరా ఉంది. అది టీబీని కొంత అణిచి, పరీక్షలో దొరక్కుండా చేసి, మొండి టీబీకి పనికొచ్చే మందును ముందే పాడు చేస్తుంది.

యంత్రం కూడా తప్పు చెబుతుంది. ఆఫ్రికాలో ఎస్వాటిని (అప్పటి పేరు స్వాజిలాండ్) అనే చిన్న దేశంలో 125 మొండి టీబీ నమూనాల్లో 38 నమూనాలను జీన్ ఎక్స్‌పర్ట్ పట్టుకోలేకపోయిందని 2015లో బయటపడింది. మన సీబీనాట్ అదే. ఆ యంత్రం చూసేది 81 అక్షరాల ముక్కనే, వాళ్ల క్రిమిలో మార్పు ఆ ముక్కకు కాస్త అవతల ఉంది. మందు పనిచేస్తుందని కాగితం ఇచ్చారు, పనిచేయని మందు ఇచ్చారు. రోగి చిక్కిపోతుంటే ఎవరిని అనుమానించి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

"తప్పు నీది కాదంటే వింటారా?"

ఈ మాట మా ఊళ్లో టీబీ పని చేసే ఒక ఆశా కార్యకర్త అడిగింది. "సార్, భయం పెడితేనే మింగుతున్నారు. తప్పు నీది కాదంటే రేపటి నుంచి డబ్బా ముట్టరు." పదేళ్లుగా ఇంటింటికీ తిరుగుతున్న మనిషి. ఆమె అనుభవాన్ని కొట్టిపారేయలేను.

కానీ భయం లేకుండా మింగించిన చరిత్ర మన పక్కనే ఉంది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, శానటోరియంలో ఉంచినవారికీ పేదల ఇళ్లలో ఉంచినవారికీ ఒకే మందులిచ్చి చూసింది. ఫలితాలు దాదాపు సమానం. అప్పటిదాకా మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి చోట్ల మంచం, గాలి, పాలు, గుడ్లు ఉంటేనే క్షయ నయమవుతుందని నమ్మేవారు. మద్రాసువారు రోగులను నమ్మేశారని కాదు. చెప్పకుండా ఇంటికి వెళ్లి మాత్రలు లెక్కపెట్టారు, మూత్ర పరీక్షలు చేశారు, రాకపోతే వెతుక్కుంటూ వెళ్లారు. మానేస్తారని ముందే అనుకుని, దానికి తగ్గ ఏర్పాటు చేసుకున్నారు. నిఘా ఉంది, ఆప్యాయతా ఉంది. దోషిగా నిలబెట్టడం మాత్రం దానికి అవసరం పడలేదు.

నిందతో పోయేదేమిటంటే, మనిషి నోరు మూసుకుంటాడు. తప్పు తనదేనన్నవాడు పక్కన ఎవరు పడుకున్నారో, తర్వాత తాను ఎవరి పక్కన పడుకున్నాడో చెప్పడు. మొండి టీబీలో అందరికంటే విలువైన సమాచారం అదే. అడిగేవారికి కూడా తోచదు. రోగి మానేయడం వల్ల వచ్చిందని నమ్మినవారికి గుడారం గురించి అడగాల్సిన పని ఏముంది? ఆ కుర్రాడి విషయంలో ఇంట్లోవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే తీశారు. గుడారంలోని మిగతా రెండు కుటుంబాల ఊసు ఫైలులో లేదు. వాళ్లు కౌతాళం, పెద్దకడబూరు మండలాలవారు. జబ్బు అంటింది గుంటూరు వైపు. ఏ జిల్లా టీబీ అధికారి జాబితాలోకి వస్తారు వాళ్లు? వలస వెళ్లే చోటే, పంట కాలంలోనే, చేతిలో పట్టే ఎక్స్‌రే యంత్రంతో గుడారాల దగ్గరికి వెళ్లకపోతే వాళ్లు ఎవరి లెక్కలోకీ రారు.

ఆలస్యం చేయడానికి వీల్లేని కారణం ఒకటుంది. ఆ కుర్రాడికి ఇప్పుడు ఇస్తున్నది బెడాక్విలిన్, ప్రెటొమానిడ్, లినెజోలిడ్, మోక్సిఫ్లాక్సాసిన్ కలిపిన ఆరు నెలల చికిత్స. 2024 సెప్టెంబరులో కేంద్రం దీనికి ఆమోదం తెలిపింది. ఒకప్పుడు మొండి టీబీ అంటే ఏడాదిన్నర, రెండేళ్లు, చెవుడు తెచ్చే ఇంజెక్షన్లు. ఆ ఇంజెక్షన్ల వల్ల వినికిడి పోయిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలే బెడాక్విలిన్ పేటెంటు పొడిగింపును ఎదిరించి, 2023లో మన పేటెంటు కార్యాలయంలో నెగ్గారు. మందు చవకగా అందడంలో ఆ ఇద్దరు పాత రోగుల చెయ్యి ఉంది.

ఈ బెడాక్విలిన్‌కూ మొండితనం మొదలైంది. ఆర్‌వి0678 అనే జన్యువు చెడితే క్రిమి మందును బయటికి తోడేసే పంపును విచ్చలవిడిగా నడుపుకుంటుంది. కుష్టుకు వాడే క్లోఫజిమిన్ కూడా దాంతో పాటే చెల్లకుండా పోతుంది. ఈ మార్పులు బెడాక్విలిన్ ఎన్నడూ ముట్టనివారి క్రిముల్లో కూడా కనిపించాయి. అంటే ఇక్కడ కూడా "నువ్వే మానేశావు" అనడానికి వీల్లేదు. పైగా రిఫాంపిసిన్ మార్పుల్లా ఇవి 81 అక్షరాల ముక్కలో కూర్చుని ఉండవు, జన్యువంతా చెల్లాచెదురుగా ఉంటాయి. సీబీనాట్ లాంటి యంత్రంతో పట్టడం కష్టం, జన్యువును చదవాల్సిందే. కొన్ని జన్యువులను మాత్రమే ఎంచి చదివే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సిఫారసు చేసింది కూడా. మన దేశంలోనూ చదివేవారు లేకపోలేదు. 10,000 క్రిముల జన్యు క్రమం పూర్తయిందని 2025 మార్చిలో కేంద్రం ప్రకటించింది. ఆ పదివేలలో మా పడమటి మండలాలవి ఎన్నో, వాటిలో ఒకదానికొకటి ఐదు అక్షరాల దూరంలో ఉన్నవి ఎన్నో తెలిస్తే నాకు సభలతో పనుండదు.

ఆ కుర్రాడి కఫాన్ని బెడాక్విలిన్ కోసం పరీక్షించారా, పరీక్షిస్తే ఎక్కడ, ఫలితం ఆరు నెలల కోర్సు అయిపోయేలోగా వస్తుందా అని రెండు చోట్ల అడిగాను. ఒకచోట "పంపిస్తాం సార్" అన్నారు. రెండోచోట, ముందు అతన్ని మందులు సరిగా మింగమనండి అన్నారు.